మస్టర్ మిషన్‌లో సరైన టైం

ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. పోశం ఉద్యోగం నిలబెట్టింది నేనేనని గోదావరిఖనిలో మావాళ్లు ఇప్పటికీ అంటుంటారు. అది నిజం కాదు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. గని గేటు దగ్గర మస్టర్లు పడే హాజరు మిషన్‌ను చూసుకోవడం నా పని. కరెంటు పోయినా దాని గడియారం నడవాలంటే లోపల బిళ్ల బ్యాటరీ ఉండాలి. ఉన్నది పాడైపోయింది. కొత్తది వేయడానికి బద్ధకించి ఒక ఉపాయం చేశాను. మిషన్ మాటిమాటికీ తన టైం దాచుకుంటుంది. కరెంటు రాగానే అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. అందరూ మెచ్చుకున్నారు. కానీ కరెంటు లేనంతసేపూ ఆ గడియారం ఆగిపోయినట్టే కదా... అంత వెనకబడేది. నేను వెళ్లి సరిచేయాలి. కొన్నిసార్లు వెళ్లలేదు.

కరెంటు లేనప్పుడు బయటికొచ్చినవాళ్లు సంతకం పెట్టి పోయేవాళ్లు. పంపు డ్యూటీ పోశం అందరికన్నా చివర, కరెంటు వచ్చాక వచ్చి మిషన్‌లో వేలు పెట్టేవాడు. అతనొక్కడే షిఫ్టు మధ్యలో వెళ్లిపోయినట్టు పడేది. జబ్బు వల్ల అతనికి అప్పటికే మస్టర్లు తక్కువ. ఉద్యోగం పోయేలా ఉంది. ఆఫీసరు అడిగితే, "మిషన్ తప్పు చెప్పదు సార్" అన్నాను.

"బావా, గా డబ్బ నువ్వు నేర్పినట్టె మాట్లాడుతది. దానికి జర నిజం నేర్పరాదు?" అన్నాడు పోశం.

నవ్వి తప్పించుకున్నాను.

తెల్లారితే అతని మీద విచారణ. ఆ రాత్రి వానలో కొత్త బ్యాటరీ పట్టుకుని గుట్టుగా వెళ్లాను. మిషన్ విప్పి పాత బ్యాటరీ తీశాను. అంతే... కరెంటు పోయింది. చీకటి. రేకుల మీద వాన.

బీప్...

ఊపిరి బిగబట్టాను.

బీప్... బీప్...

టైం పెట్టేటప్పుడు మీటలు చేసే చప్పుడు. ఒక్కో అంకె... ఆగి ఆగి... కరెంటు లేదు. బ్యాటరీ లేదు.

"ఎవరది?" అని అరిచాను.

బయటి నుంచి వాచ్‌మన్ గొంతు. "నేనన్నా, గేటు కాడున్న. లోపల నువ్వొక్కనివే గద?"

చాలాసేపటికి కరెంటు వచ్చింది. తెర వెలిగింది. చేతి గడియారం చూసుకున్నాను... రెండింట్లోనూ ఒకటే టైం. మిషన్ ఒక్క నిమిషం కూడా వెనకబడలేదు. కొత్త బ్యాటరీ ఇంకా నా గుప్పిట్లోనే ఉంది, చెమటకు తడిసి.

పొద్దున విచారణలో అంతా ఒప్పుకున్నాను... ఆ చప్పుడు సంగతి తప్ప. పోశం ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు అతనూ నేనూ సాయంత్రాలు కలిసి చాయ్ తాగుతాం. సంతోషంగానే ఉన్నాం. మొన్న ధైర్యం చేసి అతనికి ఆ చప్పుడు గురించి కూడా చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"ఎవడైతే ఏంది బావా? నీకన్న డ్యూటీ మంచిగ చేసిండు!"

నేనూ నవ్వాను. కానీ ఆ మీటలు నొక్కిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు... ఆ చప్పుడు వినకపోయుంటే కొత్త బ్యాటరీ వేసి, మూత బిగించి, నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోయేవాణ్ని.