అరువు అడగడానికి వెళ్ళిన ఇల్లు

తిరుపతిలో మేముండే సందులో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు. పక్కింట్లో పోపు పెడితే మాకు తుమ్ములొస్తాయి. అలాంటి సందులో పక్కింటి ఆటో అతను పెళ్ళాన్ని కొడుతుంటే మాత్రం ఎవరికీ వినపడేది కాదు! "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు" అని తలుపులు వేసుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మేం కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం అతని పెళ్ళాం కేక విని పోట్లాటకు లేచాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పోయి అరిస్తే, ఆ కోపం గూడా ఆ పిల్ల మీదనే తీస్తాడు మే."

తనే ఒక గిన్నె పట్టుకుని వెళ్ళి వాళ్ళ తలుపు తట్టింది. "ఏమ్మే, రవ్వంత కరివేపాకు ఉండాదా?"

పెద్దామె గడపలో నిలబడితే అతనికి చెయ్యి లేవలేదు. అత్త ఆకు తీసుకుని వెంటనే రాలేదు. కూర్చుని, మంచినీళ్ళడిగి, కిరాయిలెట్లా ఉన్నాయని అతన్నే పలకరించి, అతను చల్లబడ్డాకే లేచింది.

అది చూసి సందంతా నేర్చుకుంది. కేక వినపడితే చాలు, ఒకామెకు ఉప్పు నిండుకునేది, ఇంకొకామెకు చక్కెర. ఇంతమందికి ఒకేసారి ఎట్లా అయిపోతాయో అని అతను ఆశ్చర్యపోయే ఉంటాడు.

ఒకసారి అత్తతో అన్నాడట. "మా నాయన గూడా మా అమ్మను కొడతా ఉన్న్యాడు పెద్దమ్మా. యాడా ఎవురూ తప్పనలేదే!" అది విని నాకు అతని మీద జాలేమీ కలగలేదు. పగలంతా స్టాండులో అందరితో మాటలు పడి, ఆ కసి ఇంట్లో తీర్చుకునే మగతనం మీద నాకెప్పుడూ జాలి లేదు. కానీ తప్పని చెప్పకుండా తలుపులేసుకున్న సందులు ఎన్నో కలిస్తేనే అలాంటివాడు తయారవుతాడని మాత్రం అర్థమైంది.

మార్పు ఒక్కరోజులో రాలేదు. మధ్యలో మళ్ళీ ఆ పిల్ల చెంప వాచింది. అప్పుడు సందులో ఎవరూ అతనితో మాట్లాడలేదు. పలకరింపు లేకపోవడం అతనికి తిట్లకంటే గట్టిగా తగిలింది. తర్వాత కేకలు తగ్గాయి, కొన్నాళ్ళకు ఆగిపోయాయి.

మొన్న రసం పెడుతుంటే నిజంగానే చింతపండు లేదు. వెళ్ళి తలుపు తట్టాను. తీసి నన్ను చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"అక్కా, దేవుని తోడు, నేనేమీ అన్లేదు! కావాలంటే దాన్నే అడుగు."

నేను నోరు విప్పేలోపే ఆ పిల్ల గరిటె పట్టుకుని లోపలినుంచి వచ్చింది.

"ఆయన అన్లేదులే అక్కా, ఈపొద్దు తిట్టేది నేను. గ్యాసు చెప్పమంటే మరిసిపోయినాడు. నువ్వు కూసో, నా తిట్లింకా అయిపోలేదు."

అతను తల గోక్కుంటూ నిలబడ్డాడు. ఆమె నిజంగానే మళ్ళీ అందుకుంది, మొదటినుంచీ. ఆ పిల్లకు అంత గొంతుందని నాకు ఆ రోజే తెలిసింది. హాయిగా కూర్చుని అంతా విన్నాను.