లేని పార్కుకు ఉన్న సంతకం

ఒక పెద్దమనిషికి శాలువా కప్పి, మెడలో దండ వేసి, రెండు వందల మంది ముందు మైకులో "దొంగ" అని పరిచయం చేసిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడలేదంటే నమస్కారం, నేనే. నా పరువు ఎలా కూలిందో చెబుతాను గానీ, కూలేటప్పుడు నేను మహా సంతోషంగా ఉన్నానన్న సంగతి మాత్రం ముందే ఒప్పుకుంటున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఇల్లు జహనుమాలో. అమ్మానాన్నలకు నాలుగు బర్రెలు, పాల వ్యాపారం. నేను కంచన్‌బాగ్ దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ణి. ఇనుమునే నున్నగా చెక్కేవాడికి కథ చెక్కడం ఒక లెక్కా అని నా ధీమా. దానికి తోడు జావేద్ అనే స్నేహితుడు ఉన్నాడు. పెళ్లిళ్లలో వీడియోలు తీసేవాడు. జనం బిర్యానీ ముద్ద నోట్లో పెట్టుకునే సమయానికి సరిగ్గా కెమెరా ముఖం మీదకు తెచ్చి తిట్లు తినడం అతని వృత్తి.

ఒక ఆదివారం జావేద్ పేపరు పట్టుకొచ్చాడు. జల్‌పల్లి దాటాక ఒక కొత్త కాలనీలో పిల్లల పార్కు కట్టామని కాగితాల్లో ఉందట. ఉయ్యాలలు, బెంచీలు, పచ్చిక. ఆ పచ్చికను రెండుసార్లు కత్తిరించినట్టు కూడా రాసుకున్నారు. తీరా వెళ్లి చూస్తే బండరాళ్లు, వాటి మీద మేకలు. ఒక అసిస్టెంట్ ఇంజనీరును సస్పెండ్ చేశారని చివర్లో ఒక వాక్యం. పేరు లేదు.

మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. పేపర్లో వచ్చిన ఇలాంటి కుంభకోణాలకు పేర్లు మార్చి, కొంచెం మసాలా దట్టించి తీసే కామెడీ సినిమాలంటే నాకు ప్రాణం. లంచగొండికి బొజ్జ ఉండాలి, పది వేళ్లకు పది ఉంగరాలు ఉండాలి, సంతకం పెడుతూ ఇల్లు అదిరేలా నవ్వాలి. వంటకం అంతేనని నా నమ్మకం. రెండు రోజుల్లో కథ రాసేశాను. కథలో ఒకాయన పోలీస్ స్టేషన్‌కు వెళ్తాడు.

"సార్, మా పార్కు కనబడ్తలేదు."

"ఆఖరుసారి ఎప్పుడు చూసిండ్రు?"

"ఎన్నడు చూడలే సార్."

"గుర్తువట్టే ఆనవాళ్లు?"

"పచ్చగ ఉంటదట సార్. మొన్ననే కటింగ్ చేయించిండ్రట."

జావేద్ నేల మీద దొర్లాడు. "భాయ్, కసమ్‌సే, నువ్వు పెద్ద డైరెక్టర్ అయితవ్!" అన్నాడు. నమ్మడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

అన్ని వేషాలకూ మనుషులు దొరికారు. ఇంజనీరు వేషానికి మాత్రం సరైన ముఖం దొరకలేదు. మా దోస్తులందరివీ బాకీ ఎగ్గొట్టే ముఖాలే తప్ప ఫైలు ముందు కూర్చునే ముఖాలు కావు. అలా వెతుకుతుండగా, ఫలక్‌నుమా దగ్గర మేము చాయ్ తాగే హోటల్లో ఒకాయన కనబడ్డాడు. యాభై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన సఫారీ, జేబులో రెండు పెన్నులు. నాలుగు కుర్చీల టేబుల్ దగ్గర ఎప్పుడూ ఒక్కడే, పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతూ. సంతకానికి కాళ్లూ చేతులూ వస్తే ఇలాగే ఉంటుంది అనిపించింది నాకు.

రెండు చాయ్‌లు చెప్పి ఎదురుగా కూర్చున్నాను.

"సార్, చిన్న సినిమా తీస్తున్నం. మీరొక వేషం ఎయ్యాలె."

ఆయన కళ్లద్దాలు తీశాడు. "నేనా? ఏం వేషం బాబు?"

"ఇంజనీరు వేషం సార్. లేని పార్కు ఉన్నదని సంతకం పెట్టిన ఇంజనీరు. మస్తు కామెడీ ఉంటది."

ఆయన చాలాసేపు చాయ్ కప్పులోకి చూశాడు. మర్యాదస్తుడు కదా, మొహమాటపడుతున్నాడు అనుకున్నాను.

"మాటలెన్ని ఉన్నయ్?"

"ఆరే సార్. నవ్వుడే ఎక్కువ."

"సరే, చేస్త. గని బయట షూటింగ్‌కు రాను. ఎండ పడదు నాకు."

పేరు విఠల్‌రావు అని చెప్పాడు. ఏం చేస్తుంటారని నేను అడగలేదు. పాఠకులారా, ఈ ఒక్క వాక్యం కింద గీత గీసుకోండి. ఇనుపముక్క తీసుకునేటప్పుడు ఏ గ్రేడు, ఎక్కడి నుంచి వచ్చింది అని పదిసార్లు అడిగేవాణ్ణి, మనిషిని తీసుకునేటప్పుడు ఒక్క మాట అడగలేదు.

జావేద్ వాళ్ల మామ ఇంట్లో ముందుగది ఖాళీ చేయించి, టేబుల్ వేసి ఆఫీసు చేశాం. విఠల్‌రావు గారు వస్తూ వస్తూ తన ఫైలు తానే తెచ్చుకున్నాడు. నేను పెట్టిన కాగితాల కట్ట చూసి తల అడ్డంగా ఊపాడు.

"గిట్ల ఉండది బాబు. ముందుగాల కొలతల పుస్తకం వస్తది. దాంట్ల పొడుగు, వెడల్పు రాస్తరు. నువ్వు సైటు మీదికి పోయి కొలిచినట్టు రాసుకొని, కింద సంతకం పెడ్తవ్. ఆ తర్వాతనే ఫైలు కదుల్తది."

నేను జావేద్ చెవిలో అన్నాను: "చూసినవా, పాత్ర కోసం ఎంత స్టడీ చేసిండో!"

"నేచురల్ యాక్టర్ భాయ్," అన్నాడు జావేద్ భక్తిగా.

ఆయన పొట్టకు దిండు కట్టి, ముఖం సగం కప్పే గుబురు మీసం అంటించాం. సైజు అడిగి మరీ వేళ్లకు ఇత్తడి ఉంగరాలు తొడుగుతుంటే అడిగాడు: "ఇవెందుకు?"

"లంచం తిన్నట్టు కనబడాలె గద సార్."

"ఓహో," అన్నాడు. "తిననోడు సంతకం పెట్టడా?"

గొప్ప డైలాగ్ అనుకుని రాసుకున్నాను కూడా. ప్రశ్న అని తట్టలేదు.

సంతకం సీను మొదలైంది. విఠల్‌రావు గారు తన ఫైలులోంచి కొలతల పుస్తకం తీసి తెరిచాడు. పెన్ను మూత తీశాడు. కాగితం వంక చూశాడు. పెన్ను మూత మళ్లీ పెట్టాడు. గుమ్మం వైపు, ఎవరో నిలబడి ఉన్నట్టు చూశాడు. మళ్లీ మూత తీసి, తల దించుకుని, గబగబా గీకి పుస్తకం మూసేశాడు. మూసిన పుస్తకం మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"కట్! కట్!" అని అరిచాను. "ఏంది సార్, చావు కబురు చదివినట్టు! ఇది కామెడీ. సంతకం పెట్టుకుంట నవ్వాలె. హహహ అని!"

"సంతకం పెట్టేటప్పుడు నవ్వు రాదు బాబు."

"మీకేం తెల్సు సార్, నవ్వుతరు వాళ్లు! నా మాట వినుండ్రి."

ఆయనకు తెలియదని ఆయనకే చెప్పిన ఘనుణ్ణి నేను. తొమ్మిది సార్లు తీశాం. తొమ్మిదోసారి నవ్వాడు. కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వాడు. "వహ్వా!" అని నేనూ జావేద్ చప్పట్లు కొట్టాం.

సినిమా పూర్తయ్యాక నాకు ఇంకో దివ్యమైన ఆలోచన వచ్చింది. ఎక్కడైతే పార్కు లేదో అక్కడే, ఆ బండరాళ్ల మధ్యే, తెర కట్టి చూపించాలి! కాలనీవాళ్లు సంబరపడ్డారు. ఒక ఆదివారం సాయంత్రం రెండు కరెంటు స్తంభాల మధ్య తెల్లగుడ్డ కట్టారు. ముఖ్య అతిథిగా ఆ ప్రాంతపు నాయకుణ్ణి పిలిచాం. ఎవరి పుట్టినరోజైనా ఫ్లెక్సీలో చేతులు జోడించి తానే నిలబడే మనిషి. అలాంటివాడు వస్తే సినిమాకు పేరొస్తుందని నా లెక్క.

విఠల్‌రావు గారు మాత్రం రానన్నాడు. "నువ్వు చూపించుకో బాబు. నేనెందుకు?"

"హీరో లేకుంట ఎట్ల సార్?" అని ఆటో కట్టించుకుని ఇంటికే వెళ్లాను. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి ఆయన వంక, నా వంక చూసింది. "పోవుడు మంచిదేనా?" అని ఆయన్ను అడిగింది. ఆయన చెప్పులు తొడుక్కుని, "ఎన్నడన్న ఒకనాడు పోవాల్సిందే గదనే," అన్నాడు. ఆమె కూడా వచ్చి ఆటోలో కూర్చుంది. సిగ్గుపడుతున్నారు పాపం అనుకుంటూ నేను డ్రైవరు పక్కన ఎక్కాను.

చీకటి పడుతుండగా తీసుకెళ్లి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టాను. సినిమా మొదలైంది. జనం ఒకటే నవ్వు. అందరికంటే ఎక్కువ నవ్వింది ముందు వరసలోని నాయకుడు. తొడ చరుచుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు వింటూ నేను రెండంగుళాలు పొడుగు పెరిగాను.

లైట్లు వెలిగాయి. మైకు అందుకున్నాను. "ఇప్పుడు మీరందరు ఎదురుచూస్తున్న మనిషి! పార్కును మింగిన దొంగ ఇంజనీరు! మన హీరో! స్టేజీ మీదికి రావాలె సార్!"

విఠల్‌రావు గారు మెల్లగా నడిచి వచ్చాడు. దండ వేశాను. శాలువా కప్పాను. దిండూ మీసమూ ఉంగరాలూ లేని ఆయన ముఖం మీద లైటు పడింది. చప్పట్లు మొదలై, సగంలో ఆగిపోయాయి.

ముందు వరసలో ఒకామె లేచి నిలబడింది. "గీయన నిజం ఇంజనీరే గదనే!"

నేను పొంగిపోయాను. మైకులో చెప్పాను: "అవునమ్మా! అచ్చం నిజం ఇంజనీరు లెక్కనే చేసిండు!"

"చేసుడు కాదురా, ఆయనే! టేపు వట్టుకొని గీడికొచ్చి మాకు పార్కు జాగ చూపిచ్చిపోయిండు!"

"అరే హా, యే తో వహీ హై!" అని ఆమె మాటకు వంతగా వెనక నుంచి ఇంకో గొంతు.

కుర్చీలు జరిగిన చప్పుడు. లొల్లి మొదలైంది. నా చేతిలో మైకు కుయ్యిమని కూసింది. జావేద్ కెమెరా దించి నేల వైపు చూస్తున్నాడు. నేను విఠల్‌రావు గారి ముఖంలోకి చూశాను. కాదని చెప్తాడేమోనని చూశాను. ఆయన నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకున్నాడు.

"వాళ్లు చెప్పింది నిజమే," అన్నాడు. "సినిమాల సంతకం నాదే. నవ్వు మాత్రం ఈ పిలగాంది."

మైకు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పార్కు నెలరోజులల్ల అయితది, ముందు సంతకం పెట్టుమన్నరు. పెట్టిన. నేను రూపాయి తినలే. గని మీ పిల్లల జాగ తిన్నోళ్లకు విస్తరి వేసింది నేనే. మీరు నన్ను తిట్టచ్చు. పెట్టుమన్నాయన గూడ ఇప్పటిదాంక మీ ముందలనే కూసొని నవ్విండు."

అందరి తలలూ ముందు వరస వైపు తిరిగాయి. కుర్చీ ఖాళీగా ఉంది. రోడ్డు మీద కారు స్టార్టయిన చప్పుడు మాత్రం వినిపించింది.

విఠల్‌రావు గారి భార్య ఆడవాళ్ల మధ్య నుంచి లేచి వచ్చి, ఆయన పక్కన నిలబడింది. మొదట లేచినామె ఆమెను చూసి కాసేపు తటపటాయించి, "కూసో అక్కా," అని తన కుర్చీ జరిపింది. ఆ రాత్రి గొడవ అక్కడితో చల్లబడింది. నేను మాత్రం తెల్లగుడ్డ విప్పి మడతపెడుతూ ఎవరి ముఖంలోకీ చూడలేకపోయాను.

మర్నాడు పనికి సెలవు పెట్టి ఆయన ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగడానికి దారంతా మాటలు పేర్చుకున్నాను. అక్కడికి వెళ్లాక నోటి నుంచి వచ్చింది మాత్రం వేరేది.

"సార్, ముందుగాల్నే చెప్తే అయిపోవు గద. ఎందుకొప్పుకున్నరు?"

ఆయన నన్ను కూర్చోమన్నాడు. "సస్పెండైన సంది నా ఎదుట ఎవ్వరు కూసోలే బాబు. ఆఫీసోళ్లు గూడ దూరంకెళ్లే పోతుండె. నువ్వొచ్చి కూసున్నవ్. కాదనబుద్ధి కాలే." చాయ్ కప్పు నా ముందు పెట్టాడు. "ఇంకోటి. వేషం వేస్తే ఎవరన్న అడుగుతరేమో అనుకున్న, ఎందుకు పెట్టినవయ్యా సంతకం అని. నువ్వు ఉంగరాల సైజు అడిగినవ్."

నేను నవ్విందీ, నవ్వించిందీ దొరికిపోయినవాణ్ణి చూపించి. దొరకనివాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి మంచినీళ్ల బాటిల్ కూడా ఇచ్చాను.

"సినిమా చెరిపేస్త సార్. ఎవ్వరికి చూపియ్య."

"ఇంటర్నెట్ల మాత్రం పెట్టకు. మా అల్లుడు చూస్తడు," అన్నాడు. అని, మొదటిసారి తనంతట తానే నవ్వాడు.

తర్వాత కాలనీవాళ్లే ఆయన్ను పిలిచి, విచారణలో మొత్తం రాసివ్వమన్నారు. పేర్లతో సహా రాసిచ్చాడు. విచారణ ఇంకా జరుగుతోందట. ఆయన రిటైరయ్యాడు. మేకలు మాత్రం పదవిలోనే ఉన్నాయి.

నేనైతే ఆయన ఇంటి నుంచి వచ్చిన నాడే తూరుపు తిరిగి, జావేద్‌ను సాక్షిగా నిలబెట్టి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ మనిషి మీద కామెడీ తీయాలన్నా, ముందు ఎదురుగా కూర్చుని ఆయన చెప్పేదంతా విని, ఆ తర్వాతే మొదటి జోకు రాస్తాను. నిష్ఠగా పాటిస్తున్నాను. రెండో సినిమా కథ ఆ నాయకుడి మీద. అందుకని నియమం ప్రకారం ఇప్పటికి పదకొండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. పదకొండుసార్లూ "సార్ మీటింగ్‌ల ఉన్నరు" అన్నారు. నా రెండో సినిమా ఇంకా ఎందుకు రాలేదని అడిగేవాళ్లందరికీ ఇదే నా జవాబు: నా వైపు నుంచి ఆలస్యం ఏమీ లేదు.