ఆశీర్వాదం మేస్త్రి అనని మాట

గోపాలపట్నం బజారులో తలుపులు చేసే షెడ్డు ముందు చిత్రిక పట్టిన టేకు వాసన తగిలితే చాలు, నా నడక ఆగిపోతుంది. ఆశీర్వాదం మేస్త్రి చొక్కాలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు కట్టే వడ్రంగి ఆయన. మా చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆదివారాలు పిల్లలకు బైబిలు చెప్పేవాడు. అక్షరాలు నాకు బడి నేర్పింది కానీ, వాక్యం మీద వేలు పెట్టి ఆగి ఆగి చదవడం నేర్పింది ఆయనే. లేని మాట కలిపి చదివితే, "అది నీ మాట రూతమ్మా, పుస్తకంలో నేదు" అనేవాడు.

డెబ్బైల చివర్లో చర్చికి కొత్త భవనం కట్టినప్పుడు ముందుభాగంలో ఆరాధన బల్ల వెనక నిలిపే సిలువను ఆయనే చేశాడు. మనిషంత ఎత్తు. ఆర్నెల్లు తిరక్కుండానే జనం దాన్ని తాకి కళ్లకద్దుకోవడం మొదలైంది. ఒకనాడు ఆరాధన అయ్యాక ఒక తల్లి జ్వరంతో కాలిపోతున్న బిడ్డను తెచ్చి, ఆ చెక్కకు బిడ్డ నుదురు ఆనించి కూర్చుంది. మేస్త్రి కాసేపు చూసి, బిడ్డను భుజాన వేసుకుని, తల్లిని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. బిడ్డ బతికింది. తిరిగొస్తూ ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"ఈటితోనే సెక్కినాను. మిగిలిన ముక్కలు మా ఆవిడ పొయ్యిలో ఎట్టింది. దానికెలా మొక్కుతారమ్మా?"

ఆ తర్వాత ఆయనకు మనసు నిలవలేదు. రైల్లో ఎవరో ఇచ్చిన చిన్న పుస్తకంలో, ప్రభువును అడ్డకర్ర లేని నిలువు కొయ్య మీద చంపారని ఉంది. ఒక వేదాంత పండితుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి అడిగాడు. బైబిల్లో సిలువ అన్నచోట ఉన్న గ్రీకు మాటకు మొదట నిలువు కొయ్య అనే అర్థమని, తర్వాత అడ్డకర్ర ఉన్నదాన్నీ అలాగే పిలిచారని, సువార్తలు ఆకారాన్ని వర్ణించలేదని, అయినా అడ్డకర్ర ఉండే అవకాశమే ఎక్కువని ఆ పండితుడు చెప్పాడట. మేస్త్రి అదంతా పెద్దల సభలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆకారం తనకు తెలియదన్నాడు. ఏ ఆకారమైనా చెక్కకు మొక్కవద్దన్నాడు.

సభ అట్టుడికిపోయింది. మినిట్స్ రాసేది నేను. ఐస్ ప్లాంటులో గుమాస్తా ఉద్యోగం నాకు పాస్టరుగారి సిఫారసుతో వచ్చింది. "సిలువను నిరాకరించినందున పెద్దరికం నుండి తొలగించడమైనది" అని పాస్టరుగారు చెప్పారు. నేను రాశాను. మేస్త్రి అనని మాటని తెలిసీ రాశాను.

మర్నాడు మేస్త్రి ఐస్ ప్లాంటుకు వచ్చాడు.

"పెద్దరికం పోతే పోనీ. నాను సిలవని కాదన్నేదు, ఆకారం తెల్దన్నాను. ఆ ఒక్క మాటా సరిగ్గా రాయమ్మా."

పాస్టరుగారిని అడగాలన్నాను. తలూపి వెళ్లిపోయాడు. నేను అడగలేదు. ఆయన మాత్రం ప్రతి ఆదివారం వచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. ఆయన దగ్గరికి పిల్లల్ని పంపడం మానేశారు. వెనక్కి తిరిగి చూడకుండా ఉండడానికి నేను పాటల పుస్తకంలో తల దూర్చేదాన్ని.

మూడేళ్లకు ఆయన గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర సిలువ పెట్టాలా వద్దా అని బంధువులు వాదులాడుకున్నారు. ఆయన భార్య మార్తమ్మ నా వైపు తిరిగింది.

"రాసింది నువ్వే గదా. ఆయనేటన్నాడో సెప్పు."

పాస్టరుగారు పక్కనే ఉన్నారు. "తెలీదన్నాడు. కాదనలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పాస్టరుగారు నేల చూశారు. మార్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే సిలవ ఎట్టండి. మొక్కకండి."

ఆ వారమే మినిట్స్ పుస్తకంలో పాత తీర్మానం కింద సరైన మాట రాసి సంతకం చేశాను. చదవవలసిన మనిషి లేడు. ఇప్పుడు ఆదివారపు పిల్లలకు నేనే చెబుతున్నాను. ఏటా ఎవరో ఒకరు సిలువ ఎలా ఉండేదని అడుగుతారు. నాకు తెలియదంటాను. పిల్లలు ఇంకేదో చెబుతానని నా ముఖంలోకి చూస్తారు. ఏదో ఒకటి చెప్పి వాళ్లను ఊరుకోబెట్టాలని ఇప్పటికీ నాలుక మీదికి వస్తుంది. కష్టం మీద ఆపుకుంటాను.