కిటికీ మీద రెండు దెబ్బలు

నమ్మినా సరే, నమ్మకపోయినా సరే... ఇది నాకు అయిన సంగతి. బిడ్డ మీద ఒట్టు మాత్రం వెయ్య. ఎందుకంటే ఆ రాత్రి పోవాల్సింది దాని పానమే. కావాలంటే నా మీద నేనే ఒట్టేసుకుంట.

మా శ్రావ్య మీకు తెలుసు కదా. ఇప్పుడు గల్లీ అంతా సైకిల్ మీద తిరుగుతది, పిలిస్తే పలకది. దానికి దమ్ము రోగం, ఆస్తమా ఉంది. ఎండకాలం ఏమీ అనదు. చలి మొదలైందంటే చాలు... రాత్రంతా దగ్గు, ఛాతీల పిల్లికూతలు. దవాఖానల డాక్టరమ్మ చెప్పినట్టే చేస్తున్న. పొద్దున, మాపు స్పేసర్ గొట్టం పెట్టి ఇన్హేలర్ కొట్టాలె. నోరు పుక్కిలించాలె. చెవులకు మఫ్లర్ కట్టాలె. దుమ్ముల ఆడనియ్యొద్దు. బొగ్గు గనుల పక్కన మన సెంటినరీ కాలనీల దుమ్ము లేని జాగ ఎక్కడుందో ఆమెనే వచ్చి చూపియ్యాలె. ఇంకోటి కూడా చెప్పింది... పిల్లను పొగ దగ్గరికి పోనియ్యొద్దని.

మొన్నటి చలికాలం మా అత్త కమాన్‌పూర్ నుంచి వచ్చి మా కాడనే ఉండె. మనవరాలంటే ఆమెకు పానం. ఆ రోజు మా ఆయన నైటు షిఫ్టుకు పోయిండు. మంచు గట్టిగ పడ్తుంది. పిల్ల వణుకుతుందని అత్తకు ఒకటే ఫికర్. మన క్వార్టర్లల్ల చలికి బొగ్గుల కుంపటి అంటియ్యని ఇల్లుందా? ఆమె కూడా వాకిట్ల అంటించింది. పొగంతా పోయి బొగ్గులు ఎర్రగ అయ్యేదాక అక్కడనే కూసున్నది. అప్పుడు లోపలికి తెచ్చింది. డాక్టరమ్మ పొగ వద్దన్నది కాబట్టి పొగ పోగొట్టే తెచ్చిన అని నాకు గొప్పగ చెప్పింది. నాకూ సబబే అనిపించింది. సల్లగాలి రాకుంట కిటికీ మూసి, తలుపు కింద సందుల పాత చీర కుక్కింది. నేను శ్రావ్యకు ఇన్హేలర్ ఇచ్చి పండవెట్టిన. గది వెచ్చగ ఉంది... ఎప్పుడు నిద్ర పట్టిందో తెల్వదు.

టక్... టక్.

మెలకువ వచ్చింది. కిటికీ మీద ఎవరో కట్టెతోటి కొట్టినట్టు. రెండే దెబ్బలు. మళ్ల ఏం లేదు.

ఇక్కడ మా మామ సంగతి చెప్పాలె. ఆయన బొగ్గుబాయిల, భూమి లోపల పని చేసిండు. బాయిల పైకప్పు గట్టిగుందా లేదా అని ముందుగాల కట్టెతోటి కొట్టి, సప్పుడు విని, అప్పుడు గాని దాని కిందికి పోరు కదా. ఆ అలవాటు ఆయనతోటి ఇంటికి కూడా వచ్చింది. డ్యూటీ దిగి వస్తే తలుపు కొట్టడు, పేరు పెట్టి పిలవడు. కిటికీ మీద చేతికట్టెతోటి రెండు దెబ్బలు, అంతే. ఆయన పోయి అప్పటికే చాన్నాళ్లయింది.

నేనైతే మా ఆయనే వచ్చిండనుకున్న. లేద్దామంటే కాళ్లు లేస్తలేవు. తల ఇంత బరువు. మళ్ల పండుకుందామనే అనిపించింది, నిజంగ. కండ్లు మూతలు పడుతున్నయి...

టక్... టక్.

ఈసారి గట్టిగ. కొంచెం కోపంగ కూడా. తలుపు తియ్యడం ఆలస్యమైతే మామ అట్లనే కొట్టేటోడు. గోడ పట్టుకొని పోయిన. చీరను కాలుతోటి జరిపి గొళ్లెం తీసిన.

ఎవ్వలు లేరు.

మంచుల స్తంభం లైటు మసకగ కనవడ్తుంది. మెట్టు మీద మా వాడకుక్క ముడుచుకొని పండుకుంది. ఆకు కదిలినా మొరిగే కుక్క... కన్ను కూడా తెరవలేదు. కిటికీ కింద గచ్చు మంచుకు తడిసి ఉంది. దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

సల్లగాలి మొఖానికి తాకేసరికి కొంచెం సోయి వచ్చింది. అప్పుడు తట్టింది... శ్రావ్య దగ్గుతలేదు. ఆ చలికాలం అది దగ్గని రాత్రి ఒక్కటి లేదు. పిల్లికూత కూడా లేదు. దగ్గరికి పోయి లేపిన. లేస్తలేదు. చెయ్యి ఎత్తితే అట్లనే కింద పడ్డది.

ఏ చలి తాకొద్దని ఇంత చేసినమో, ఆ చలిలకే దాన్ని ఎత్తుకొని ఉరికిన. రాజన్నా అని ఒర్లిన. పక్క క్వార్టర్ల ఉండే ఆటో రాజన్న లేచి వచ్చిండు. లోపల మూలుగుతున్న అత్తను బయటికి గుంజుకొచ్చిండు. నేను శ్రావ్యను ఒళ్ల పెట్టుకొని చెంపల మీద కొడ్తున్న... కొడ్తనే ఉన్న...

దగ్గింది.

రోజూ నా నిద్ర చెడగొట్టే దగ్గే. అంత తీయటి సప్పుడు పుట్టినసంది వినలేదు. ఏడ్చిన, నవ్విన. సంతోషానికి కుక్కను కూడా ముద్దు పెట్టుకున్ననని రాజన్న ఇప్పటికీ ఎక్కిరిస్తడు. అది మాత్రం అబద్ధం.

ఆటోలనే ఇన్హేలర్ కొట్టిన. దవాఖానల ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టిండ్రు. తెల్లారేసరికి శ్రావ్య ఇడ్లీ అడిగింది. హమ్మయ్య అని అప్పుడు కూసున్న.

డాక్టరమ్మ అన్నది, "పొగ పోయినా బొగ్గుల గ్యాస్ పోదమ్మా. దానికి వాసన ఉండదు. తలుపు తియ్యకపోతే మీరు ముగ్గురూ లేవకపోదురు."

అత్త చాలాసేపు ఏడ్చింది. మామ బతికినన్ని రోజులు బాయిల గ్యాసుకు భయపడ్డడంట. తర్వాత నా చెయ్యి పట్టుకొని మెల్లగ అన్నది, "అందుకే వచ్చిండు బిడ్డా."

మా ఆయన నమ్మడు. వేడికి కిటికీ చెక్క టక్కుమన్నదంటడు. లేకపోతే గ్యాస్ తలకెక్కి నీకట్ల వినిపించిందంటడు. కావచ్చు. డాక్టరమ్మ కూడా కావచ్చనే అన్నది. మరి చెక్కకు రెండు రెండే కొట్టాలని ఎవరు చెప్పిండ్రు? నాకు తెల్వదు. ఇప్పటికీ తెల్వదు.

కుంపటి ఇప్పుడు వాకిలి దాటి లోపలికి రాదు. చలికి మందం దుప్పటి కప్పుతున్న, కిటికీ కొంచెం తీసే పెడ్తున్న. ఈ చలికాలం ఇన్హేలర్ ఒక్కపూట కూడా తప్పలేదు, బిడ్డ మంచిగున్నది. మా ఆయన డ్యూటీ దిగి వస్తే ఫోన్ చేసి తలుపు తీపిచ్చుకుంటడు. కిటికీ మాత్రం ముట్టడు. నేనే ముట్టొద్దన్న. మళ్ల ఎప్పుడన్న ఆ సప్పుడు వస్తే... అది మా ఆయన కాదని నాకు తెలవాలె. ఏం ఆలోచించకుంట లేవాలె.