పూర్ణగారి వంగనారు

కోవిడ్ తర్వాత రెండో వేసవికి నేను టెక్సస్ ఉత్తర భాగంలో ఒక కౌంటీ మొక్కల క్లినిక్‌లో సీనియర్ డయాగ్నొస్టిషియన్‌గా పనిచేస్తున్నాను. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. ఈ సంగతి ఆ ఏడు ఏప్రిల్ చివరి వారంలో మొదలైంది.

మొక్కలకు క్లినిక్ ఏమిటని మా బంధువులు చాలామంది నవ్వేవారు. పని మాత్రం నవ్వులాట కాదు. ఇళ్ళలో కూరగాయలు పెంచుకునేవాళ్ళు జబ్బుపడిన కొమ్మనో ఆకునో జిప్‌లాక్ సంచిలో పెట్టి తెస్తారు. ముందు బల్ల దగ్గర వాలంటీరు ఫారం నింపిస్తారు. టెక్నీషియన్ దానికి నంబరు వేస్తాడు. నేను చూసి, అవసరమైన పరీక్షలు చేయించి, జబ్బు పేరు రాస్తాను. మా సూపర్‌వైజర్ డెబ్రా సంతకం పెట్టాకే రిపోర్టు బయటికి వెళ్తుంది. ఫారంలో 'మొదటి అభిప్రాయం' అని ఒక గడి ఉంటుంది. అది మా ఫైలు కోసమే. పరీక్ష ఫలితం రాకముందు అందులోని మాట మొక్క తెచ్చినవాళ్ళకు చెప్పకూడదు. శాంపిల్‌ను పద్నాలుగు రోజులు అలమరలో (వేళ్ళతో వచ్చిన మొక్కైతే లైటు కింద, నీళ్ళు పోస్తూ) ఉంచి, తర్వాత ఆటోక్లేవ్‌లో, అంటే మన ప్రెషర్ కుక్కర్‌కు పెద్దన్న లాంటి యంత్రంలో, ఉడికించి పారేస్తాం. జబ్బు మా దగ్గర్నుంచి ఇంకెక్కడికీ పాకకూడదని ఆ జాగ్రత్త.

ఆ సోమవారం ఫ్రిస్కో నుంచి ప్రసాద్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వచ్చాడు. సంచుల్లో టమాటా, మిరప, వంగ కొమ్మలు మూడు తెచ్చాడు. కొత్త ఆకులు సన్నగా సాగి, మెలికలు తిరిగి, అంచులు దోనెలా పైకి ముడుచుకున్నాయి. ఇవి కాక ఎర్రటి ప్లాస్టిక్ కప్పులో ఒక చిన్న వంగ మొక్క కూడా ఉంది. నాటగా మిగిలిపోయిన నారు మొక్కట. అది మాత్రం పచ్చగా, తిన్నగా నిలబడి ఉంది.

అతను చెప్పింది ఇది. పక్క ఊరు ప్లేనోలో పూర్ణ ఆంటీ అని ఒకావిడ ప్రతి ఫిబ్రవరిలోనూ తన గరాజ్‌లో లైట్లు పెట్టి నారు పోస్తారు. మార్చి చివర్లో తెలుగువాళ్ళందరికీ ఊరికే పంచుతారు. ఆవిడకు థాంక్స్ చెప్పకూడదు. కాపు అయ్యాక ఒక్క పండిన కాయ విత్తనానికి తెచ్చివ్వాలి, అంతే. ఆ విత్తనమే మళ్ళీ ఏడు నారవుతుంది. ముఖ్యంగా ఆవిడ వంకాయ. పొట్టిది, నల్లనిది, తొడిమకు ముళ్ళుంటాయి, నూనెలో వేస్తే వెన్నలా మగ్గుతుంది. అత్తగారి నుంచి వచ్చిన విత్తనమట. అది ఈ దేశంలోకి ఎలా దిగిందని నేను అడగలేదు. ఆ ఏడాది పదకొండు ఇళ్ళవాళ్ళు ఆ నారు నాటారు. పదకొండు ఇళ్ళలోనూ ఇదే ముడత.

ఆకు చూడగానే నాకు మా నాన్నగారి మిరపచేలు గుర్తొచ్చాయి. వైరస్‌తో వచ్చే బొబ్బర తెగులు తగిలిన ఏడు చేనంతా అచ్చం ఇలాగే ముడుచుకుపోయేది. పైగా నా కంటి మీద నాకు కాస్త గర్వం ఉండేది. మొదటి అభిప్రాయం గడిలో 'వైరస్, నారు ద్వారా' అని రాశాను. ఫారంలో 'మట్టిలో ఏమి కలిపారు' అన్న ప్రశ్నకు ప్రసాద్ 'ఆర్గానిక్ కంపోస్ట్ ఓన్లీ' అని రాశాడు. అది చూసి సంతోషించాను కూడా.

ఫలితం పది రోజుల్లో వస్తుందని చెప్పాను. అతను లేవలేదు. "ఆంటీ, అఫీషియల్‌గా వద్దులెండి. మీకు జస్ట్ చూస్తే ఏమనిపిస్తోంది?" అన్నాడు.

అన్నేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎంతోమంది అడిగారు. అందరికీ నిబంధన చెప్పి పంపాను. ఆంటీ అని అడిగినవాడు మాత్రం అతనే. మన పిల్లవాడు, మన వంకాయ, తెలుగులో మాట, ఇందులో ఆఫీసేముంది అనిపించింది. "వైరస్‌లా ఉందయ్యా. నారుతోనే వచ్చినట్టుంది. పీకేయడం మంచిది," అన్నాను.

"మరి ఈ కప్‌లోది ఫైన్‌గానే ఉంది కదా?"

"ఇంకా బయటపడలేదేమో," అన్నాను. కళ్ళ ముందున్న సాక్ష్యాన్ని ఆ ఒక్క ముక్కతో కొట్టిపారేశాను.

తొమ్మిదో రోజున ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పూర్ణగారు. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇబ్బందిగా అనిపించింది. "నా నారులో జబ్బుందని మీరన్నారటండీ. వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు. నిజమేనా?" అని అడిగారు. ఇంకా పరీక్ష ఫలితం రాలేదన్నాను. "అయితే ఎలా చెప్పారండీ?" అన్నారు.

తర్వాత ఆవిడే జరిగింది చెప్పుకొచ్చారు. అందరూ మొక్కలు పీకేశారు. పీకనివాళ్ళను గ్రూప్‌లో పక్కవాళ్ళు తొందరపెట్టి పీకించారు. ముందురోజు ఇండియన్ స్టోర్‌లో ఒకావిడ ఈవిడను చూసి కూడా చూడనట్టు వేరే వరుసలోకి తిరిగిపోయింది. "ఇరవై ఏళ్ళుగా ఇస్తున్నాను. ఎవరింటికీ చెరుపు చేయలేదు. జబ్బు విత్తనం ఇంట్లో ఉంచుకోకూడదు కదాని, నా మొక్కలు కూడా పీకేసి, విత్తనం డబ్బాతో సహా ట్రాష్‌లో వేసేశాను. పోయిన గురువారమే బండి తీసుకెళ్ళిపోయింది," అన్నారు.

ఆ మర్నాడే ఫలితం వచ్చింది. మేం పరీక్షించగల వైరస్‌లలో ఒక్కటీ లేదు. డెబ్రా గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పి, తోట చూసిరావడానికి అనుమతి అడిగాను. ఫలితం రాకముందే అభిప్రాయం చెప్పావా అని ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. చెప్పానన్నాను. ఆ మాట నా సర్వీసు ఫైలులో రాసుకుని, అనుమతి కాగితం చేతికిచ్చింది. నా సర్వీసులో అలాంటి రాత అదొక్కటే.

ప్రసాద్ పెరట్లో టమాటా, మిరప, వంగ పాదులన్నీ ఖాళీగా ఉన్నాయి. పక్క వరుసలో మొక్కజొన్న నిక్షేపంగా ఉంది. దాని ముందు బీన్స్ తీగలు మాత్రం టమాటా లాగే మెలికలు తిరిగిపోయాయి. బీన్స్ కూడా పూర్ణగారే ఇచ్చారా అని అడిగాను. "లేదాంటీ, అవి స్టోర్‌లో కొన్న ప్యాకెట్," అన్నాడు.

అప్పుడు గాని నేను అడగాల్సిన ప్రశ్న అడగలేదు. మట్టిలో ఏం వేశావు?

"అంతా ఆర్గానిక్ ఆంటీ. ప్యూర్ హార్స్ మెన్యూర్. నార్త్‌లో ఒక రాంచ్ వాళ్ళు ఫ్రీగా ఇస్తున్నారని ట్రెయిలర్ రెంట్ చేసి తెచ్చాం. పదకొండు ఇళ్ళవాళ్ళం షేర్ చేసుకున్నాం."

పదకొండు ఇళ్ళకూ ఉమ్మడిగా ఉన్నది నారు ఒక్కటే కాదన్నమాట. ఇక్కడ కొన్ని గడ్డి భూముల్లో వెడల్పాటి ఆకుల కలుపు చావడానికి ఒక రకం మందు కొడతారు. అది గడ్డిని ఏమీ చేయదు. ఆ గడ్డి మేసిన గుర్రానికీ ఏమీ కాదు. మందు మాత్రం గుర్రం కడుపులో అరగకుండా లద్దెలోకి వచ్చేస్తుంది. లద్దె చివికి నల్లటి ఎరువయ్యాక కూడా పోదు. గడ్డిజాతి కాబట్టి మొక్కజొన్న తట్టుకుంటుంది. టమాటా, మిరప, వంగ, బీన్స్ దాని వాసనకే ముడుచుకుపోతాయి. ఇదంతా నాకు తెలియనిది కాదు. తెలిసీ తట్టలేదు. పెంటకుప్ప ఎంత పెద్దదైతే రైతు అంత గొప్పవాడనుకునే ఊళ్ళో పెరిగాను. ఎరువును అనుమానించడమనేది నా ఒంట్లోనే లేదు.

పూర్ణగారి వంగ మొక్క ఎక్కడైనా ఒక్కటి మిగిలిందా అని అడిగాను. ప్రసాద్ ఆలోచించి, "మీ దగ్గరికి తెచ్చిన ఆ కప్‌లోదే ఆంటీ. దానికి స్టోర్‌లో కొన్న పాటింగ్ మిక్స్ మట్టి తప్ప ఇంకేం వేయలేదు," అన్నాడు.

వెంటనే కారెక్కాను. పద్నాలుగు రోజులు ఇంకా నిండలేదు గాని, శనాదివారాలు వస్తున్నాయంటే మా టెక్నీషియన్ శుక్రవారమే అలమర ఖాళీ చేసే రకం. ఆ రోజు శుక్రవారం. దారిలో ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేను వెళ్ళేసరికి ట్రే ఆటోక్లేవ్ గదిలో బల్ల మీదికి చేరింది. అందులో ఎర్ర కప్పు ఉంది. మొక్కకు మరో రెండు ఆకులు వచ్చాయి. రెండూ నున్నగా, వెడల్పుగా ఉన్నాయి. టెక్నీషియన్‌కు చెప్పి కప్పును ట్రేలోంచి తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను.

ఈసారి పద్ధతి ప్రకారం నడిచాను. ప్రసాద్ పెరట్లో మిగిలిన ఎరువు తెప్పించి, కొన్న మట్టిలో కలిపి నాలుగు కుండీల్లో నింపాను. మరో నాలుగింటిలో కొన్న మట్టి ఒక్కటే. అన్నిటిలోనూ ఒకే ప్యాకెట్‌లోని బీన్స్ గింజలు వేసి, ఒక కుండీ నీళ్ళు ఇంకో కుండీలోకి పారకుండా విడివిడిగా పెట్టాను. పూర్ణగారు మధ్యలో ఒకసారి ఫోన్ చేశారు. బీన్స్‌కు ఇంకా మూడో ఆకు రాలేదని తప్ప నేను మరో మాట చెప్పలేదు. మూడు వారాలకు ఎరువు కలిపిన నాలుగు కుండీల్లోనూ ఆకులు దోనెలయ్యాయి. మిగతా నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. 'కారణం: ఎరువులో కలుపు మందు. నారులో ఏ దోషమూ లేదు' అని రాశాను. డెబ్రా సంతకం పెట్టింది. ప్రసాద్ దాన్ని అదే గ్రూప్‌లో పెట్టి, అందరి ముందూ పూర్ణగారికి క్షమాపణ చెప్పుకున్నాడు. వైరస్ అన్న మాట ఒక్క సాయంత్రంలో ఊరంతా తిరిగింది. ఈ రిపోర్టు చదివామని చెప్పినవాళ్ళు మాత్రం ఐదిళ్ళవాళ్ళే.

శాంపిల్ బయటికి ఇచ్చే విడుదల ఫారం మీద ప్రసాద్ సంతకం తీసుకుని, కప్పు పట్టుకుని ప్లేనో వెళ్ళాను. పూర్ణగారు సన్నగా, పొడుగ్గా, చేతులకు మట్టితో గరాజ్‌లోంచి వచ్చారు. నాది తప్పేనండీ, నోరు జారాను, క్షమించండి అన్నాను. ఆవిడ మొక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది మీరే పెంచండి. నా చేతిలో పెరిగితే మళ్ళీ ఎవరో ఏదో అంటారు. పద్ధతి తెలుసుగా, ఒక కాయ పండనిచ్చి తెచ్చివ్వండి," అన్నారు.

అన్నేళ్ళుగా ఊరందరి మొక్కలకూ జబ్బులు చెప్పాను గాని, నా ఇంట్లో కరివేపాకు కూడా లేదు. ఆ వేసవంతా ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ కుండీ దగ్గరికే వెళ్ళేదాన్ని. ఎర్రనల్లి పురుగు పడితే ఆకు ఆకూ తడిగుడ్డతో తుడిచాను. కాసిన కాయల్లో ఒక్కటి కూడా కూర వండే ధైర్యం చేయలేదు.

సెప్టెంబరులో పసుపు పచ్చగా పండిన కాయ తీసుకెళ్ళాను. పూర్ణగారు దాన్ని కోసి, గింజలు నీళ్ళలో వేసి, తేలినవి పారబోసి, మునిగినవి పళ్ళెంలో ఆరబోశారు. ఆవిడ అలవాటు ప్రకారం కవరు మీద కాయ ఇచ్చినవాళ్ళ పేరుగా నా పేరు రాశారు. తర్వాత తలెత్తి, "మీరేమంటారు, ఇవి మొలుస్తాయంటారా?" అని అడిగారు. ముఖం మామూలుగానే ఉంది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"మొలిచాక రాసిస్తానండీ," అన్నాను.

ఆ తర్వాత మూడేళ్ళ సర్వీసులో మొదటి అభిప్రాయం గడిని ఫలితం వచ్చేదాకా ఖాళీగానే ఉంచాను. ఆంటీ అన్నవాళ్ళకు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, మట్టిలో ఏం కలిపారో రెండుసార్లు అడిగాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు. మనవాళ్ళ దగ్గర నిబంధన సడలిస్తే ఆ దెబ్బ తగిలేది కూడా మనవాళ్ళకేనని నాకు తెలిసివచ్చింది.

గింజలు ఫిబ్రవరిలో మొలిచాయి. ఆ రోజే వెళ్ళి, చూసి, మొలిచాయని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పూర్ణగారు దాన్ని గరాజ్ తలుపుకు అంటించారు. నారు కోసం వచ్చినవాళ్ళు ముందు అది చదవాలి.