ఒక్కడి కోసమే బంతి పట్టే మా బావ

నిన్న పొద్దున పూజ ముగించి హారతి కళ్లకద్దుకుంటుంటే జగిత్యాల నుంచి అక్క ఫోన్.

"చెల్లే, మీ బావ పోయిండే."

మొన్న శుక్రవారమే వీడియో కాల్‌లో నన్ను తెగ ఏడిపించాడు.

ఇక్కడ సౌదీలోని అల్ ఖోబర్‌లో చాలామందికి మా రాజన్న బావ పైప్ ఫిట్టర్‌గానే తెలుసు. ఇకామాలో, అంటే ఇక్కడుండేందుకు ఇచ్చే కార్డులో కూడా అదే రాసి ఉండేది. కానీ పన్నెండేళ్లు కంపెనీ ఆయన్ని ఉంచుకున్నది బేస్‌బాల్ ఆడడానికి.

నవ్వకండి. నిజం.

గల్ఫ్ యుద్ధం రోజుల్లో బావ ఇక్కడే ఒక అమెరికన్ కాంపౌండ్‌లో పనిచేసేవాడు. మేడ మీద ట్యాంకు బిగించే మనిషికి కింద నుంచి ఎడమ చేత్తో పైపు ముక్కలు విసిరేవాడు. పైనున్నవాడు చెయ్యి చాపి ఉంచితే చాలు, ముక్క సరిగ్గా అరచేతిలో పడేది.

అది మేనేజర్ చూశాడు. వాళ్ల టీమ్‌లో ఎడమ చేత్తో బంతి వేసే ఆయన సైరన్లకు భయపడి అమెరికా వెళ్లిపోయాడట. ఆ చోటు బావకు దక్కింది.

పని ఒక్కటే. మ్యాచ్ చివర్లో ఎడమ చేతివాటం బ్యాట్స్‌మన్ వస్తే లేవాలి. వాడొక్కడిని ఔట్ చేసి వచ్చి కూర్చోవాలి.

"మూడు గంటలు కూసుంట, మూడు బంతులేస్త" అని మురిసిపోయేవాడు.

యుద్ధం ముగిశాక అక్కతో పెళ్లి కుదిరింది. ముహూర్తం నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. పాస్‌పోర్ట్ మాత్రం మేనేజర్ దగ్గరే ఉంది. ఫైనల్ గెలిస్తే అదే రోజు సెలవు. ఓడితే వాళ్ల రూలు ప్రకారం వచ్చే వారం ఇంకోసారి ఫైనల్ ఆడాలి.

చివరి ఔట్ కోసం బావను లేపారు. ఎదురుగా బ్యాట్ పట్టుకుని తెల్లజుట్టు పెద్దాయన, అవతలి కంపెనీకి బాస్.

బావకు చెయ్యి ఆడలేదు. అంత పెద్దాయనకు ఎడమ చేత్తో ఎలా ఇస్తాం? కుడి చేతికున్న గ్లవ్ తీసేసి, మర్యాదగా ఆ చేత్తోనే వేశాడు. బంతి వెళ్లి మేనేజర్ టీ కప్పు పగలగొట్టింది. తర్వాతి రెండూ అంతే. నాలుగోదీ దారి తప్పితే అవతలివాళ్లకు గెలుపు పరుగు ఊరికే వచ్చేస్తుంది, మ్యాచ్ పోయినట్టే.

మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. "రాజన్నా! లెఫ్ట్! లెఫ్ట్!"

"సార్, హీ బిగ్ మ్యాన్. లెఫ్ట్ హ్యాండ్ నో గుడ్."

"వెడ్డింగ్, రాజన్నా! వెడ్డింగ్!"

అప్పుడు బావ ఆ పెద్దాయనకు రెండు చేతులెత్తి దండం పెట్టి, క్షమించమని అడిగి, గ్లవ్ మళ్లీ తొడుక్కుని, వరుసగా మూడు ఎడమ చేత్తో వేశాడట. పెద్దాయన మూడుసార్లూ గాలినే కొట్టి ఔటయ్యాడు.

ముహూర్తానికి గంట ముందు, ఆ టీమ్ చొక్కాతోనే మా వాకిట్లో దిగాడు. నాన్న ప్రాణం అప్పటికే సగం పోయి ఉంది.

"గింత ఆలస్యమేంది అల్లుడా?"

"ఒక పెద్దమనిషిని సాగనంపి వచ్చేటాళ్లకు గింత లేటయింది మామా."

మండపమంతా నవ్వింది. పీటల మీద తల వంచుకుని కూర్చున్న అక్క కూడా.

ఈరోజు నిన్ను సాగనంపడానికి నేను రాలేకపోయాను బావా. టికెట్ దొరకలేదు. ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

వెళ్లిరా. ఆ స్వామి సన్నిధిలో నీకు ప్రశాంతత దొరకాలి.