కట్టు లేని ఆపరేషన్

మా అత్తగారి వైపు బంధువులకు ఒక తెలివి ఉంది. నా గురించి చెడ్డగా చెప్పుకోవాలంటే వచ్చి నా కుడిపక్కన కూర్చుంటారు. ఆ పక్క చెవి సరిగ్గా వినపడదని అందరికీ తెలుసు మరి.

ఆ చెవికి మొదటిసారి ఆపరేషన్ అయినప్పుడు వెనకాల కోసి, సగం తల గొరిగి, పెద్ద కట్టు కట్టారు. ఇల్లంతా జనం, పళ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు. ఏడాది తర్వాత ప్రొద్దుటూరులో డాక్టరు చెవిలోకి సన్నటి కెమెరా గొట్టం పెట్టి టీవీలో చూపించాడు. కర్ణభేరి వెనక ఒక మూల తెల్లగా, బియ్యపు నూకంత ఏదో ఉంది.

"పాత జబ్బులో మిగిలిపోయిన ముక్క. వదిలేస్తే పెరిగి లోపలి ఎముకలను తినేస్తుంది. అప్పుడిక ఈ చెవి మీద ఆశ వదులుకోవాల్సిందే. ఈసారి వెనక కోసేది లేదు, చెవి రంధ్రంలోంచే కెమెరాతో చూస్తూ తీసేస్తా. వినికిడి రావచ్చు, రాకపోవచ్చు."

ఆపరేషన్ ఎప్పుడని అడిగాను నేను. మా అత్త మాత్రం టీవీ వంక చూసి, "ఇంత నూకకి ఆపరేషనా? ఎల్లిగడ్డ నూనె కాంచి పోస్తే కరిగిపోతాది" అంది. మొదట జబ్బు ముదిరేదాకా పోసింది కూడా ఆ వెల్లుల్లి నూనే!

ఆపరేషన్ అయింది. చెవిలో దూది తప్ప బయటికి ఏమీ కనపడలేదు. జమ్మలమడుగు నుంచి మా అత్త వాళ్ల అక్క, నాకు పెద్దత్త, పళ్ల సంచితో దిగింది. నన్ను అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"కట్టు యాడుంది? యాడ కోసినారు?"

"లోపలే కోసినారు పెద్దత్తా."

"లోపల కోస్తే మాకెట్ల కనపడ్తాది?" అని పళ్ల సంచి మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

మా అత్తకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఇంకొందరు వస్తున్నారని పాత పంచె చింపి నా తలకు గుమ్మడికాయంత కట్టు కట్టింది.

"ఊరికే ఉండుమ్మే! వచ్చినోళ్లకి కనపడల్ల గదా!"

వచ్చినవాళ్లు ఆ పంచెను చూసి కళ్లు ఒత్తుకున్నారు. చెవి వినపడుతుందా అని ఒక్కరూ అడగలేదు.

దూది తీశాక కూడా చాలా రోజులు ఆగి చూడాలన్నాడు డాక్టరు. ఆగాను. పులివెందులలో ఒక పెళ్లికి వెళితే, భోజనాల దగ్గర పెద్దత్త అలవాటుగా నా కుడిపక్కనే కూర్చుంది. అవతలి ఆమె చెవిలో గొణిగింది.

"ఆపరేషనూ లేదు, పాడూ లేదు. పని ఎగ్గొట్టేదానికి అంతా యాసాలు."

ప్రతి మాటా వినపడింది. ఆ చెవికే. కోపం రావాల్సిన చోట కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంగో తూరి చెప్పు పెద్దత్తా, శానా బాగా ఇనపడ్తాంది" అన్నాను.

ఆమె నోట్లో ముద్ద అట్లే నిలిచిపోయింది. పాపం, ఇకమీదట నాకు ఏ పక్కన కూర్చోవాలో!